గ్యారీ కిల్డాల్ జీవితము

మన రాయపురమున పుట్టి పెరిగిన పిల్లలకు పడవలను గూర్చి క్రొత్తగా చెప్పవలసినది లేదు. కాశిమేటి రేవు ప్రక్కన మరపడవలను కట్టు చోట కొంతసేపు నిలిచి చూచినవారికి ఒక సంగతి తెలియును. పడవ నీటి కొరకు పుట్టినదే యైనను దానిని నీటిమీద కట్టరు. ఒడ్డున దుంగలపై నిలిపి, అడుగును ప్రక్కలను అమర్చి, మరను బిగించి, అన్నియు సిద్ధమైన పిమ్మట నీటిలోనికి దింపుదురు. కట్టువాడు నేలమీద నుండును. కట్టబడునది నీటికి తగియుండవలెను. అల యెంత బలముతో కొట్టును, ఉప్పునీరు దేనిని తినివేయును అను లెక్క యంతయు నేలమీద నిలుచున్నవాని బుద్ధియందే జరుగవలెను.

కంప్యూటర్ల లోకమున సరిగా ఇట్టి పనియే యొకటి కలదు. ఒక యంత్రము ముందు కూర్చుండి, దానితో పొత్తు లేని వేరొక యంత్రము కొరకు, వేరొక ఆపరేటింగ్ సిస్టమ్ కొరకు ప్రోగ్రాములను సిద్ధము చేయుదురు. అందులకు సాధనమైన దానిని క్రాస్ కంపైలర్ అందురు. అరచేయి యంత యంత్రములు పుట్టిన తొలిదినములలో ఈ పద్ధతిని చేపట్టి, దాని బలముచేత క్రొత్త పరిశ్రమ యొకటి లేచుటకు కారకుడైన వాడు గ్యారీ కిల్డాల్ అను అమెరికా దేశపు ఉపాధ్యాయుడు. అతడు మరణించి ముప్పది యేండ్లు దాటినది. పేరు విన్నవారు కొందరు గలరు గాని, ఆ పేరుతోపాటు వారు విన్న కథ సగమే నిజము. కావున అతని జీవితమును మన పత్రిక చదువరులకు కొంత విపులముగా తెలుపుచున్నాము.

మొదట కంపైలర్ అననేమో చెప్పక కథలో ప్రవేశించినచో చిన్న తరగతుల పిల్లలకును, ఈ విద్యతో పరిచయము లేని తల్లిదండ్రులకును కష్టమగును. కంప్యూటరు నడుమ నుండు ప్రాసెసరుకు తెలిసినది అంకెల భాష యొక్కటియే. అదియైనను అన్ని ప్రాసెసర్లకు ఒకటి కాదు. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క అంకెల భాష. మనుష్యుడు తనకు అర్థమగు రీతిలో వ్రాసిన దానిని ఆ అంకెలలోనికి మార్చువాడు కంపైలర్. అనగా కంపైలర్ ఒక దుబాసీ. చెన్నపట్టణమునకు దుబాసీ క్రొత్తవాడు కాడు. కుంఫిణీవారి కాలమున ఈ ఊరి వ్యాపారము, న్యాయము, పన్నుల వసూలు అన్నియు దుబాసీల నోటిమీదనే నడచినవి. వారిలో తెలుగువారు పెక్కురు. వెన్నెలకంటి సుబ్బారావు 1815 మొదలు 1829 వరకు ఇచ్చటి సదరు అదాలతులో భాషాంతరము చేయు పదవియందుండి, తన జీవితమును తానే వ్రాసికొనెను. గ్రేస్ హాపర్ అను విదుషీమణి 1952లో యంత్రముచేతనే భాషాంతరము చేయించు ప్రయత్నమును మొదలిడెను. 1957లో ఐబీఎం వారి ఫోర్ట్రాన్ భాష వెలువడినది. అప్పటినుండి దుబాసీ పనిని యంత్రమే చేయుచున్నది.

సాధారణపు కంపైలర్ తానుండు ఇంటి భాషలోనికే అనువదించును. క్రాస్ కంపైలర్ ఒక ఇంట నుండి వేరొక ఇంటి భాషలోనికి అనువదించును. ఇంట తెలుగు, వీధిలో తమిళము, పెద్ద కచేరీలలో ఆంగ్లము వాడు మన పిల్లలకు ఈ భేదము చెప్పినంతనే తెలియును. తెలుగులో ఆలోచించి తమిళమున అర్జీ వ్రాయుట వంటిది ఇది.

అయితే భాష యొక్కటియే చాలదు. ఒకే తమిళము మాటలాడు రెండు కచేరీలలో అర్జీ నమూనాలు వేరుగా నుండును. ఒకచోట పత్రమునకు ముందు సంతకము, వేరొకచోట తరువాత. ఆపరేటింగ్ సిస్టములును అట్టివే. తెరమీద ఒక అక్షరము కనబడవలెనన్నను, దాచిన పత్రమును తెరువవలెనన్నను ఒక్కొక్క ఆపరేటింగ్ సిస్టమును ఒక్కొక్క రీతిగా కోరవలెను. ప్రాసెసరు ఒకటే యైనను విండోస్ కొరకు సిద్ధపరచిన ప్రోగ్రాము లినక్స్‌లో నడువకుండుటకు కారణమిదియే.

ఇక కథకు వత్తము.

గ్యారీ ఆర్లెన్ కిల్డాల్ 1942వ సంవత్సరము మే 19వ తేదీన, అమెరికా పశ్చిమ తీరమున, వాషింగ్టన్ రాష్ట్రమునందలి సియాటిల్ నగరమున జన్మించెను. సియాటిల్ కూడ మన ఊరివలె రేవు పట్టణము. తండ్రి జోసెఫ్ నార్వే దేశపు సంతతికి చెందిన నావికుడు. వారి కుటుంబము ఓడ నడపువారికి నౌకాయాన విద్యను నేర్పు పాఠశాల నొకదానిని నడపుచుండెను. సముద్రము నడుమ తానెచ్చట నున్నాడో నావికుడు తెలిసికొనవలెనన్న, నక్షత్రము దిఙ్మండలమునకు ఎంత ఎత్తున నున్నదో కొలిచి, గోళముమీది త్రికోణమును లెక్కగట్టవలెను. పట్టికలు త్రిప్పి చేతితో చేయు ఆ లెక్క బహు శ్రమ. పిడి పట్టుకొని త్రిప్పినంతనే ఆ త్రికోణపు జవాబును చూపు యంత్రమొకటి ఉండిన బాగుండునని తండ్రికి చిరకాలపు కోరిక. ఈ కోరికను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. కొడుకు జీవితమును అదియే త్రిప్పినది.

గ్యారీ క్వీన్ ఆన్ అను ఉన్నత పాఠశాలలో చదివెను. తరువాత తన భార్యయైన డొరొతీ మెక్యూయన్‌తో పరిచయము అచ్చటనే. గణిత ఉపాధ్యాయుడు కావలెనని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున చేరి, అచ్చట కంప్యూటర్లను చూచి, ఆ శాస్త్రమునకు మరలెను. 1967లో పట్టము పొందెను. అది వియత్నాం యుద్ధకాలము. యువకులు నిర్బంధముగా సైన్యమున చేరవలసిన దినములు. కిల్డాల్ నౌకాదళమున చేరి, యుద్ధమునకు పోవుటకు బదులు, కాలిఫోర్నియాలో మాంటెరే పట్టణమున నున్న నౌకాదళపు ఉన్నత విద్యాలయమున బోధించుటకు నియమింపబడెను. సెలవులలో తన విశ్వవిద్యాలయమునకు పోయి చదువు సాగించి, 1972లో డాక్టరేటు పట్టము పొందెను. కంపైలర్ ఒక ప్రోగ్రామునందలి విలువలు ఎచ్చట పుట్టి ఎచ్చటికి ప్రవహించుచున్నవో కనిపెట్టి, అనవసరపు పనిని తొలగించు విధమును అతడు 1973లో ఒక వ్యాసమున వివరించెను. కంపైలర్ల శాస్త్రము చదువువారు నేటికిని ఆ పద్ధతిని అభ్యసించుచున్నారు. ఇంతమాత్రమే చేసి యూరకుండినను అతని పేరు పండితులలో నిలిచియుండును.

1971 నవంబరులో ఇంటెల్ అను సంస్థ 4004 అను ప్రాసెసరును ప్రకటించెను. రమారమి 2,300 ట్రాన్సిస్టర్లను గోటియంత సిలికాన్ పలుకుమీద అమర్చిన వస్తువది. వెల 25 డాలర్లు. అప్పటి కంప్యూటరనగా గది నిండు యంత్రము. విద్యాలయములే దానిని కొనలేక గంటల లెక్కన అద్దెకు తీసికొనెడి కాలము. 25 డాలర్లకు కంప్యూటరన్న మాట విని కిల్డాల్ వెంటనే కొనెను. తండ్రి కోరిన పిడియంత్రమును దానితో చేయవచ్చునని అతని ఆశ.

కొన్న పిమ్మట తెలిసినది చిక్కు. ఆ పలుకుకు తెర లేదు, మీటలు లేవు, దాచుకొను చోటు లేదు. దానిమీద కూర్చుండి ప్రోగ్రాము వ్రాయుటకు ఏ సాధనమును లేదు. నీటిమీద పడవను కట్టబోయినవాని గతి యట్టిది. అపుడు కిల్డాల్ చేసిన పని యేమనగా, తన విద్యాలయమునందలి పెద్ద యంత్రముమీద ఒక ప్రోగ్రామును వ్రాసెను. ఆ ప్రోగ్రాము 4004 వలె నటించును. దాని కొక ఆజ్ఞను ఇచ్చినచో, అసలు పలుకు ఏమి చేసెడిదో అదియే చేసి చూపును. దీనిని సిమ్యులేటర్ అందురు. మన నాటకములలో వేషధారివంటిది. పెద్ద యంత్రము చిన్న యంత్రపు వేషము కట్టినది. కిల్డాల్ ఆ వేషధారి యెదుట త్రికోణపు లెక్కలను వ్రాసి సరిచూచుకొనెను. నాలుగేసి బిట్లు మాత్రమే ఒకసారి పట్టు ఆ పలుకుతో అట్టి లెక్క మిక్కిలి మెల్లగా సాగునని కూడ తెలిసికొనెను. పిడియంత్రము తండ్రి కోరినట్లు కాలేదు. కాని ఇంటెల్ వారు ఆ సిమ్యులేటరును, ఆ లెక్కలను చూచి, అతనిని వారమునకొక దినము తమవద్దకు వచ్చి సలహా చెప్పుమని కోరిరి.

1972 ఏప్రిలులో ఇంటెల్ వారి 8008 వెలువడినది. అది ఒకసారి ఎనిమిది బిట్లు పట్టును. పదహారువేల చిల్లర అక్షరములకు మించిన జ్ఞాపకశక్తిని దానికి తగిలింపరాదు. దానికొరకు ప్రోగ్రాము వ్రాయువారు ఒక్కొక్క ఆజ్ఞను అంకెలకు దగ్గరగా నుండు సంకేతములతో వ్రాయవలసియుండెను. ఒక చిన్న తప్పునకు దినములు గడచెడివి. మనుష్యులు వ్రాయదగిన భాష యొకటి దీనికిని కావలెనని కిల్డాల్ ఇంటెల్ వారికి చెప్పి, తానే చేయుటకు పూనుకొనెను. 1973లో సిద్ధమైన ఆ భాష పేరు పీఎల్/ఎమ్. చిన్న ప్రాసెసర్ల కొరకు పుట్టిన ఉన్నతస్థాయి భాషలలో ఇది మొట్టమొదటిది. అంతకుముందున్న పీఎల్/ఐ, ఆల్గాల్, ఎక్స్‌పీఎల్ అను భాషల పోకడలు దీనిలో కనబడును.

ఈ పీఎల్/ఎమ్ కంపైలరును ఎచ్చట నిలుపుట? ఆ 8008 పొట్టలో అది పట్టదు. దుబాసీ ఇంతటివాడు, ఇల్లు పిచ్చుకగూడు. కావున కిల్డాల్ దానిని ఫోర్ట్రాన్ భాషలో వ్రాసెను. ఫోర్ట్రాన్ నాటి పెద్ద యంత్రములన్నింటను ఉండెను గనుక, ఇంటెల్ వారి వస్తువును కొన్నవారు తమ తమ ఊళ్లలో దొరకు ఏ పెద్ద యంత్రముమీద నైనను ఈ కంపైలరును నడపుకొనవచ్చును. పెద్ద యంత్రము చదువును, పెద్ద యంత్రము అనువదించును. ఫలితముగా వచ్చిన అంకెలు మాత్రము పెద్ద యంత్రమునకు పనికిరావు, 8008 కొరకే. ఆ అంకెలను చిల్లులు పొడిచిన కాగితపు పట్టీమీదికి ఎక్కించి చిన్న యంత్రమునకు అందింతురు. క్రాస్ కంపైలర్ అనగా నిదియే. ఇందులో మూడు పనులు కలిసియున్నవని పిల్లలు గమనింపవలెను. గమ్యమైన యంత్రపు భాష తెలిసిన దుబాసీ యొకడు కావలెను. గమ్యమైన యంత్రపు ఆచారములను తెలుపు సామగ్రి కావలెను. తయారైన దానిని ఇచ్చటనే పరీక్షించుటకు వేషధారి కావలెను, లేదా అచ్చటికి చేరవేయు త్రోవ యుండవలెను. కిల్డాల్ వద్ద మూడును ఉండినవి.

నేడు లినక్స్ యంత్రము ముందు కూర్చుండి విండోస్ కొరకు ప్రోగ్రామును సిద్ధపరచువారు చేయునదియు ఇదియే. 1987లో తొలుత వెలువడిన జీసీసీ అను కంపైలరును గమ్యమునకు తగినట్లు మరల కట్టి, విండోస్ కు సంబంధించిన గ్రంథాలయములను, ప్రకటన పత్రములను వేరొక అరలో భద్రపరచి, ఆ అరనే చూడుమని కంపైలరునకు చెప్పుదురు. క్రొత్తవారు పొరపాటు పడు తావు ఈ అరయే. కంపైలర్ పొరపాటున తన యింటి సామగ్రిని తీసికొనినచో, ఒక్కొక్కప్పుడు తప్పు చూపకయే పని ముగించును. తీరా గమ్యమునకు చేర్చిన పిమ్మట ప్రోగ్రాము కదలదు. తమిళ కచేరీ అర్జీమీద తెలుగు కచేరీ ముద్ర పడినట్లగును. కావున అనుభవజ్ఞులు రెండు అరలను కలియనీయరు. మొదట అతి చిన్న ప్రోగ్రాము నొకదానిని, తెరమీద ఒక మాట చూపునంతటి దానిని, కట్టి చేరవేసి చూచి, అది నడచిన పిమ్మటనే పెద్ద పనికి దిగుదురు.

మన మిద్దెలమీద నిలిచి చూచినచో ఉత్తరపు దిక్కున శ్రీహరికోటనుండి లేచు రాకెట్ల వెలుగు అప్పుడప్పుడు కనబడును గదా. ఆ రాకెట్లలోని కంప్యూటర్ల ప్రోగ్రాములును నేలమీదనే కట్టబడినవి. అంతరిక్ష యాత్రల కొరకు ఇస్రో వారు రూపొందించిన విక్రమ్ 3201 అను ప్రాసెసరు 2025లో వెలువడినపుడు, దానికి వలయు ఆడా భాషా కంపైలరును, సిమ్యులేటరును కూడ తామే తయారుచేసికొనిరి. ప్రాసెసరు ఒక్కటి చేసికొన్న చాలదు, దుబాసీని వేషధారిని కూడ చేసికొనవలెనన్న పాఠము కిల్డాల్ నాటిదే.

ఇంటెల్ వారు అతని పనికి ప్రతిగా తమ చిన్న యంత్రము నొకదానిని ఇచ్చిరి. దానిని అతడు ఇంట దాచుకొనక తన తరగతి గదిలో పెట్టి, విద్యార్థులు తాకి నేర్చుకొనుటకు విడిచెను. మాకు ఈ మనుష్యునియందు గౌరవము కలిగించిన విషయములలో ఇదియొకటి.

అయినను ఒక బాధ తీరలేదు. ప్రతి మార్పునకు పెద్ద యంత్రమువద్దకు పరుగెత్తవలెను. కాగితపు పట్టీమీద అంకెలు నిమిషమునకు ఆరువందల అక్షరముల చొప్పున మాత్రమే చదువబడును. చిన్న యంత్రమే తన పనిని తాను చూచుకొనవలెనన్న, దానికి దాచుకొను చోటు కావలెను. ఆ కాలమున ఫ్లాపీ డిస్కు అను పలుచని పళ్లెము క్రొత్తగా వచ్చెను. షుగార్ట్ అను సంస్థనుండి, పరీక్షలలో వాడి యరిగిన డిస్కు యంత్రము నొకదానిని కిల్డాల్ సంపాదించెను. దానిని చిన్న ప్రాసెసరుతో కలుపు విద్యుత్ పరికరమును తానే చేయబోయి విఫలుడయ్యెను. తీగలు అతికించుటలో అతనికి నేర్పు తక్కువ. డిస్కు యంత్రము ఊరక పడియుండెను.

అయితే అతడు ఊరకుండలేదు. పరికరము సిద్ధము కాకమునుపే, దానిమీద నడువవలసిన ఆపరేటింగ్ సిస్టమును పీఎల్/ఎమ్ భాషలో వ్రాసి, తన క్రాస్ కంపైలరుతో కట్టి, వేషధారి యంత్రముమీద నడపి చూచుకొనెను. అనగా పడవ కట్టుట ముగిసినది. నీరే యింకను రాలేదు. 1974లో జాన్ టొరోడ్ అను విశ్వవిద్యాలయపు మిత్రుడు వచ్చి ఆ విద్యుత్ పరికరమును చేసి పెట్టెను. ఇద్దరును కాగితపు పట్టీనుండి ఆ సిస్టమును ఎక్కించి చూడగా, అది మేల్కొని తన గురుతును చూపి ఆజ్ఞకొరకు వేచియుండెను. దాని పేరు సీపీ/ఎమ్. చిన్న కంప్యూటర్ల కొరకు విరివిగా వ్యాపించిన తొలి ఆపరేటింగ్ సిస్టమిది. ఇంటెల్ వారికి చూపగా వారు పీఎల్/ఎమ్ ను ఉంచుకొని సీపీ/ఎమ్ అక్కరలేదనిరి. పోగొట్టుకొన్నదేమో వారికి అప్పుడు తెలియలేదు.

కిల్డాల్ దంపతులు పసిఫిక్ గ్రోవ్ అను సముద్రతీరపు చిన్న ఊరిలో తమ యింటనే ఒక వ్యాపార సంస్థను పెట్టిరి. మొదట దాని పేరు ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్, అనగా నక్షత్రమండలములకు మధ్యదని చమత్కారము. తరువాత డిజిటల్ రీసెర్చ్ అని కుదించిరి. లెక్కలు, ఉత్తరములు, ఒప్పందములు డొరొతీ చూచెడిది. పత్రికలో ప్రకటన వేసి, సుమారు 70 డాలర్ల వెలకు ఎవరడిగినను అమ్మిరి. భార్య పాలును కథలు చెప్పువారు తరచు మరతురు. ఆమె లేనిదే ఆ సంస్థ లేదు.

ఇమ్సాయ్ అను కంప్యూటర్ల తయారీదారులు తమ యంత్రమునకు సీపీ/ఎమ్ కావలెనని కోరినపుడు కిల్డాల్ మరియొక గొప్ప ఉపాయము పన్నెను. అంతకుముందు ప్రతి క్రొత్త యంత్రమునకు సిస్టమునంతయు తిరుగవ్రాయవలసి వచ్చుచుండెను. అతడు యంత్రముతో నేరుగా మాటలాడు కొద్దిపాటి భాగమును విడదీసి, దానికి బయాస్ అని పేరిడెను. ఇక క్రొత్త యంత్రము వచ్చినచో ఆ చిన్న భాగమును మాత్రము వ్రాసికొన్న చాలును, మిగిలినది యథాతథము. మన రాయపురపు స్టేషను 1856లో తెరువబడినది. అది పెద్ద గేజి మార్గము. ఎగుమూరునుండి దక్షిణమునకు పోయినది మీటరు గేజి. పెట్టె యదియే యుంచి చక్రములను మాత్రము మార్చగలిగియుండినచో, సరకులు దింపి మరల ఎక్కించు కూలి యెంత తప్పియుండెడిదో పెద్దలు ఊహింపగలరు. బయాస్ చేసినది చక్రములను మార్చుటయే. 1981 నాటికి సుమారు మూడువేల రకముల యంత్రములపై సీపీ/ఎమ్ నడచినదందురు. ఒకడు ఒకచోట వ్రాసిన ప్రోగ్రామును వేరొకడు వేరొక యంత్రముపై నడపుకొనగలిగెను. ప్రోగ్రాములు వ్రాసి అమ్మి బ్రతుకవచ్చునను సంగతి చిన్న కంప్యూటర్ల లోకమునకు అప్పుడు రుజువైనది.

ఇక అందరును చెప్పు కథకు వచ్చితిమి. 1980లో ఐబీఎం వారు తమ చిన్న కంప్యూటరునకు ఆపరేటింగ్ సిస్టమును వెదకుచు, మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్ సూచనపై పసిఫిక్ గ్రోవ్‌కు వచ్చిరి. ఆ ఉదయము కిల్డాల్ తన చిన్న విమానములో వేరొక ఊరికి వెళ్లియుండెను. వచ్చినవారు మాట మొదలిడకమునుపే, విన్నదేదియు బయట చెప్పరాదను కఠినమైన పత్రమున సంతకము కోరిరి. డొరొతీయు, న్యాయవాదియు సంకోచించిరి. ఇంతవరకు అందరును అంగీకరించుదురు. విలాసముగా గాలిలో తిరుగుచు అదృష్టమును కాలదన్నెనని లోకము అల్లినది మాత్రము సరి కాదు. అతడు వెళ్లినది సంస్థ పనిమీదనే. మధ్యాహ్నమునకు తిరిగివచ్చి మాటలలో పాల్గొనెను. ఒప్పందము కుదురకపోవుటకు కారణములు వెల, షరతులు. ఆనాటి మాటలను గూర్చి ఉభయపక్షములవారు చెప్పినవి ఒకదానితో ఒకటి పొసగవు.

అతని లోపమును కూడ దాచరాదు. ఇంటెల్ వారి 8086 అను క్రొత్త ప్రాసెసరు 1978లోనే వచ్చినను దానికి తగిన సీపీ/ఎమ్ ను అతడు వేగముగా తేలేదు. సియాటిల్‌లో టిమ్ పాటర్సన్ అను యువకుడు వేచివేచి విసిగి, 1980లో తానే యొక సిస్టమును వ్రాసెను. సీపీ/ఎమ్ కొరకు వ్రాసిన పాత ప్రోగ్రాములను యంత్రముచేత సులువుగా అనువదింపవలెనని, కోరికలు కోరు రీతిని సీపీ/ఎమ్ పోలికనే అమర్చెను. అనగా అర్జీ నమూనాలన్నియు కిల్డాల్ కచేరీవే. కచేరీ మాత్రము వేరు. దానిని మైక్రోసాఫ్ట్ 1981లో కొని ఐబీఎం వారికిచ్చెను. నమూనాను అనుసరించుట దొంగతనమా కాదా అను వాదము నేటికిని తెగలేదు. దానిలోని ఆజ్ఞలను పాటర్సన్ స్వయముగా వ్రాసెననుటకు సాక్ష్యము కలదు; రూపకల్పన ఎవరిదో పోల్చి చూచినవారికి చెప్పనక్కరలేదు. మా అభిప్రాయమున చట్టము ఒకటి, ఋణము ఒకటి. చట్టముచేత తీరని ఋణమును కనీసము పేరు చెప్పి తీర్చుకొనవచ్చును. చాల కాలమువరకు ఆ మాత్రమును జరుగలేదు.

కిల్డాల్ అభ్యంతరము చెప్పగా, ఐబీఎం వారు అతని సీపీ/ఎమ్-86 ను కూడ అమ్ముటకు ఒప్పుకొనిరి. అతడు న్యాయస్థానమునకు పోలేదు. తీరా అంగటిలో చూడగా మైక్రోసాఫ్ట్ వారిదానికి 40 డాలర్లు, అతనిదానికి 240 డాలర్లు. కొనువారు దేనిని కొందురో లెక్కలు రానివారికిని తెలియును.

సంస్థ వెంటనే పడిపోలేదు. 1985లో బొమ్మలతో నడచు జెమ్ అను సాధనమును, 1988లో డీఆర్-డాస్ ను వెలువరించెను. కాని కిల్డాల్ మనస్సు వ్యాపారమున నిలువలేదు. 1983 మొదలు 1990 వరకు కంప్యూటర్లను సామాన్యులకు పరిచయము చేయు ఒక టెలివిజన్ కార్యక్రమమున సహవ్యాఖ్యాతగా నుండెను. ఎదుటివాని వస్తువును గూర్చియు అసూయ లేక వివరించెడివాడు. 1985లో ఒక పూర్తి విజ్ఞాన సర్వస్వమును ఒక్క సీడీలో ఇమిడ్చి చూపిన సంస్థయు అతడు పెట్టినదే. డొరొతీతో వివాహము 1980లలో రద్దయ్యెను. 1991లో డిజిటల్ రీసెర్చ్ సంస్థను నోవెల్ వారు కొనిరి. ధనమునకు కొదువ లేదు గాని, ప్రతి సభలోను ఆ విమానపు కథనే అడుగుచుండుటచేత చివరి సంవత్సరములు నెమ్మదిగా గడువలేదు. 1994 జులై 8న మాంటెరేలో ఒక పానశాలయందు తలకు దెబ్బ తగిలి, మూడవనాడు, జులై 11న మరణించెను. అప్పటికి అతని వయస్సు 52 సంవత్సరములు. స్వస్థలమైన సియాటిల్‌లో అతనిని సమాధి చేసిరి.

మరణమునకు ముందటి యేడు అతడు తన జీవితమును తానే వ్రాసి మిత్రులకు మాత్రము పంచెను. దానిలోని తొలిభాగము 2016లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ చరిత్ర ప్రదర్శనశాలవారిచే వెలువడినది. అదే సంస్థవారు 2014లో సీపీ/ఎమ్ తొలి ప్రతుల మూలమును అందరు చదువుకొనుటకు వీలుగా ప్రకటించిరి. మన పై తరగతుల పిల్లలలో ప్రోగ్రాములు వ్రాయ నేర్చినవారు దానిని తెరచి చూడవచ్చును. కొన్ని పుటలు నిదానముగా చదివినచో అర్థమగును.

ఆ 2014లోనే, ఏప్రిలు నెలలో, విద్యుత్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘమువారు పసిఫిక్ గ్రోవ్‌లో ఒక ఫలకమును ప్రతిష్ఠించిరి. డిజిటల్ రీసెర్చ్ పెరిగిన దినములలో కచేరీగా నుండిన పాతకాలపు ఇల్లు అది. సముద్రమునకు దూరము కాదు. ఆ వీధి పేరు లైట్‌హౌస్ వీధి, ఇంటి సంఖ్య 801.